‘అట’ అనే రెండక్షరాలు

మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు, ఒక రాత్రి పడుకోబోయే ముందు కథ మొదలుపెట్టాను. “అనగనగా ఒక రాజు ఉండేవాడట” అన్నానో లేదో, “ఉండేవాడట అని ఎందుకంటావు? నువ్వు చూడలేదా?” అని అడిగింది. చూడలేదన్నాను. “మరి నీకెవరు చెప్పారు?” మా అమ్మ చెప్పిందన్నాను. “అమ్మమ్మ చూసిందా?” ఆవిడా చూడలేదు. అలా ఒక్కొక్కరినీ అడుగుతూ వెనక్కి వెనక్కి వెళ్లి, కళ్లతో చూసినవారు ఎక్కడా దొరకకపోయేసరికి, “అయితే ఆ రాజు లేడేమో” అని తేల్చేసి అటు తిరిగి పడుకుంది. ఆ రాత్రికి కథ అంతటితో ఆగిపోయింది కానీ, ఆ ప్రశ్న మాత్రం నన్ను చాలాకాలం వదలలేదు.

తెలుగులో కథ చెప్పేవారు ఎవరూ నేర్పకుండానే క్రియ చివర ‘అట’ చేరుస్తారు. ‘వచ్చాడు’ అన్నవాడు ఆ మాటకు తానే పూచీ పడుతున్నాడు. ‘వచ్చాడట’ అన్నవాడు ఆ పూచీని మరొకరి మీద ఉంచి, తాను విన్నదాన్ని అందిస్తున్నానని మాత్రమే ఒప్పుకుంటున్నాడు. ఇంత సన్నని తేడాను పిల్లలు బడికి వెళ్లే వయసు రాకముందే పట్టుకుంటారు. అన్న తనను కొట్టాడని ఫిర్యాదు చేసే పిల్లవాడు ‘కొట్టాడట’ అనడు. పక్కింటి పిల్లవాడు మెట్ల మీద నుంచి పడ్డాడని విని పరుగెత్తుకొచ్చినవాడు ‘పడ్డాడట’ అనే అంటాడు. ఆ తర్వాత వాళ్లు బడికి వెళతారు. అక్కడి చరిత్ర పాఠంలో ఈ రెండక్షరాలు ఎక్కడా కనిపించవు. రెండు వేల ఏళ్ల కిందటి రాజు ఎవరిని ఓడించాడో, ఎందుకు ఓడించాడో, ఓడించిన తర్వాత మనసులో ఏమనుకున్నాడో, అన్నిటినీ పాఠ్యపుస్తకం పక్కనే నిలబడి చూసినవాడి గొంతుతో చెప్పేస్తుంది. పిల్లలు తమంతట తాము నేర్చుకున్న ఒక మంచి వ్యాకరణాన్ని మనమే దగ్గరుండి మరిపిస్తున్నామన్నది నా ఫిర్యాదు.

ఇంటిని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. బడిలో చరిత్ర సంవత్సరాల పట్టికగా మారితే, ఇంట్లో అది మన గొప్పల పట్టికగానో నీతికథల సంచిగానో మారుతుంది. రెండు చోట్లా ‘మనకెలా తెలుసు?’ అన్న ప్రశ్న మాత్రం లోపలికి రాదు. ఆ ప్రశ్నను పెద్ద తరగతులకు, ఇంకా మాట్లాడితే విశ్వవిద్యాలయానికి, అట్టే పెట్టుకోవడం పొరపాటనీ, ఐదారేళ్ల పిల్లలకు చెప్పే మొదటి చరిత్ర కథలోనే దాన్ని కలిపి చెప్పాలనీ, అలా చెబితే కథ రుచి తగ్గదు సరికదా పెరుగుతుందనీ నేను అనుకుంటున్నాను.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది: చిన్నపిల్లలకు అసలు కాలమే అర్థం కాదు కదా, చరిత్ర ఎలా అర్థమవుతుంది? అభ్యంతరం తీసిపారేయవలసినది కాదు. నాలుగేళ్ల పిల్లవాడికి గతమంతా ‘నిన్న’యే, కిందటేడు చేసిన ప్రయాణమూ నిన్నే, పొద్దున తాగిన పాలూ నిన్నే. “నువ్వు చిన్నప్పుడు డైనోసార్లు ఉండేవా?” అని మా అమ్మాయి నన్ను ఎంతో మర్యాదగా అడిగింది. 1928లో దావోస్‌లో జరిగిన ఒక ఉపన్యాస సభలో ఐన్‌స్టీన్, పిల్లలకు కాలాన్ని గురించిన ఊహ మొదట ఎలా ఏర్పడుతుందని పిల్లల ఆలోచన ఏ దశల్లో ఎదుగుతుందో పరిశీలించిన స్విస్ మనస్తత్వవేత్త జాన్ పియాజేను అడిగాడు. ఆ ప్రశ్న వెంట వెళ్లిన పియాజే 1946లో ఒక పుస్తకమే ప్రచురించాడు. వయసుకూ ఎత్తుకూ తేడా తెలియని పిల్లలు పొడుగ్గా ఉన్నవారే పెద్దవారని ఎలా అనుకుంటారో, ఎక్కువ దూరం వెళ్లిన బొమ్మే ఎక్కువసేపు కదిలిందని ఎలా పొరబడతారో ఆయన ప్రయోగాలు చూపించాయి. 1960ల్లో బ్రిటన్‌లో కొందరు పరిశోధకులు పియాజే చెప్పిన దశలను చరిత్ర పాఠాలకు అన్వయించి, చరిత్రలో కావలసిన తర్కం దాదాపు పదహారేళ్ల దాకా రాదని తేల్చారు. ‘ముందు నేను, తర్వాత నా కుటుంబం, ఆ తర్వాత నా వీధి, నా ఊరు’ అంటూ దగ్గరి నుంచి దూరానికి నడిపించే ప్రణాళికలు అప్పటికే అనేక దేశాల ప్రాథమిక తరగతుల్లో ఉన్నాయి. రెండూ కలిసి, చిన్న తరగతుల నుంచి చరిత్రను మర్యాదగా బయటికి పంపేశాయి.

దగ్గరగా ఉన్నదల్లా తెలిసినదే అవుతుందన్న నమ్మకం దగ్గరే నాకు పేచీ ఉంది. ఆరేళ్ల పిల్లవాడికి తన వీధిలోని బ్యాంకు ఏం చేస్తుందో తెలియదు, తెలుసుకోవాలన్న ఆసక్తీ ఉండదు. దాదాపు ఆరు కోట్ల అరవై లక్షల ఏళ్ల కిందట అంతరించిన టైరనోసారస్ అనే డైనోసార్ ఏం తినేదో, దాని ముందుకాళ్లు ఎంత చిన్నవో మాత్రం తడుముకోకుండా చెబుతాడు. పిల్లలకు దూరం అడ్డు కాదు. దూరాన్ని కొలిచే సాధనం వాళ్ల చేతిలో లేకపోవడమే అడ్డు. సంవత్సరాల అంకెలు ఆ సాధనం కావు, ఎందుకంటే వెయ్యి అన్నా లక్ష అన్నా ఆ వయసులో ‘చాలా’ అనే అర్థం.

మా ఇంట్లో ఆ సాధనం ఒక దారపు ఉండ అయింది. ఏడాదికి ఒక సెంటీమీటరు చొప్పున కొలవడం మొదలుపెట్టాం. అమ్మాయి వయసు ఆరు సెంటీమీటర్లు, తన వేలంత. నా వయసు ఆమె మోచేయి దాటింది. అమ్మమ్మ దగ్గరికి వచ్చేసరికి డెబ్బై సెంటీమీటర్లయింది, అది చూసి మా అమ్మ కొంచెం చిన్నబుచ్చుకుంది కూడా. అశోకుడు శాసనాలు చెక్కించిన కాలానికి చేరాలంటే దాదాపు ఇరవైమూడు మీటర్లు కావాలి. దారం గదులు దాటి, గుమ్మం దాటి బయటికి వెళ్లింది. “మరి డైనోసార్లు?” అని అడిగింది. లెక్క వేస్తే ఆరు వందల అరవై కిలోమీటర్లు వచ్చింది. అంత దారం ఎక్కడా దొరకదని చెప్పినప్పుడు తన ముఖంలో కనిపించిన నిశ్శబ్దం, నేను చదువుకున్న పదేళ్ల చరిత్ర పాఠాల్లో ఏ సంవత్సరమూ నాలో కలిగించలేదు. ఆ దారం వల్ల తనకు కాలం అర్థమైపోయిందని నేను అనను. అయితే ‘చాలా’లో కూడా చిన్న చాలా, పెద్ద చాలా ఉంటాయని, వాటి మధ్య వరుస ఉంటుందని అర్థమైంది. ఆ వయసుకు అది తక్కువేమీ కాదు.

దారం వరుసను చూపిస్తుందే కానీ మనుషులను చూపించదు. ఆ పని కోసం నేను చిన్నపిల్లలందరికీ మొదటగా పరిచయం చేయదలచిన చారిత్రక వ్యక్తి రాజు కాదు, వీరుడు కాదు, మహాత్ముడూ కాదు. అతడి పేరు ఓన్ఫిమ్. రష్యాలో నొవ్‌గొరోద్ అనే పాత నగరం ఉంది. అక్కడి నేల తడిగా, గాలి చొరబడకుండా ఉండడం వల్ల మట్టిలో పూడిపోయిన కర్ర, బెరడు వందల ఏళ్లు కుళ్లకుండా నిలిచాయి. బర్చ్ చెట్టు బెరడు మీద, మన పుస్తకాల్లో భూర్జపత్రం అంటారే, దాదాపు అలాంటి దాని మీద, ఆ ఊరివాళ్లు మొనదేలిన పుల్లతో గీకి ఉత్తరాలు రాసుకునేవారు. 1951లో తవ్వకాల్లో మొదటి ఉత్తరం బయటపడింది. ఇప్పటికి వెయ్యికి పైగా దొరికాయి. అప్పులు, తగాదాలు, సరుకుల లెక్కలు, ఇంటి సంగతులు వాటి నిండా ఉంటాయి. 1956లో ఒకేచోట దొరికిన బెరడు ముక్కల మీద మాత్రం అక్షరమాల, గుణింతంలాంటి వరుసలు, వాటి పక్కన బొమ్మలు కనిపించాయి. 13వ శతాబ్దం మధ్యలో ఒక పిల్లవాడు రాసుకున్న అభ్యాసాలవి. పేరు కూడా తనే రాసుకున్నాడు.

ఒక ముక్క మీద ఓన్ఫిమ్ అక్షరాలు దిద్దడం మొదలుపెట్టి, విసుగు పుట్టిందో ఏమో, మధ్యలో ఆపేసి గుర్రం మీద కూర్చున్న యోధుణ్ణి గీశాడు. ఆ యోధుడు కింద పడిన శత్రువును ఈటెతో పొడుస్తున్నాడు. యోధుడి పక్కన రాసిన పేరు ఎవరిదనుకున్నారు? ఓన్ఫిమ్‌దే. ఇంకో ముక్క మీద మెలికలు తిరిగిన తోకతో ఒక వింత జంతువు, పక్కన ‘నేను క్రూరమృగాన్ని’ అన్న అర్థం వచ్చే మాటలు, దానితోపాటు డానిలో అనే స్నేహితుడికి ఓన్ఫిమ్ పంపిన నమస్కారం. మనుషులను గీసినప్పుడు చేతివేళ్లు ఒకచోట మూడు, ఇంకొకచోట అంతకంటే ఎక్కువ, పొలం పనికి వాడే పళ్ల కర్రలా నిలబడి ఉంటాయి.

ఈ బొమ్మలు చూపించి, ఇవి గీసినవాడి వయసెంతో చెప్పమని అడగండి. మా అమ్మాయి క్షణం ఆలోచించకుండా “నా అంత” అంది. ఎలా చెప్పగలిగావని అడిగితే వేళ్లు చూపించింది. “ఐదు వేళ్లు గీయడం రాలేదు, నేను పోయినేడు ఇలాగే గీసేదాన్ని” అంది. పండితులు కూడా బొమ్మల తీరును బట్టే అతడికి ఆరేడేళ్లు ఉంటాయని అంచనా వేశారు. ఆరేళ్ల పిల్ల, సాక్ష్యాన్ని చూసి, తన అనుభవంతో పోల్చి, కారణం చెప్పి, ఒక నిర్ణయానికి వచ్చింది. పదహారేళ్ల దాకా రాదన్న తర్కం ఇదేనా, కాదా అన్నది పండితులు తేల్చుకోనివ్వండి. నాకైతే చరిత్రకారుడు చేసే పనికీ దీనికీ తేడా కనిపించలేదు. ఇక దారం మీద ఓన్ఫిమ్ ఉండే చోటు ఏడు మీటర్ల డెబ్బై సెంటీమీటర్ల దగ్గర. అక్కడ ఒక చిన్న గుర్రం బొమ్మ కట్టింది.

నీతికథల సంగతి వేరు. ఇక్కడ నేను చేసిన తప్పొకటి చెప్పుకోవాలి. అబద్ధం ఆడకూడదని చెప్పడానికి, అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ చిన్నప్పుడు తండ్రి పెంచుకున్న చెర్రీ చెట్టును గొడ్డలితో నరికి, తండ్రి అడిగితే నిజం ఒప్పుకున్న కథ నేనూ చెప్పాను, ‘అట’ లేకుండానే చెప్పాను. తొమ్మిదేళ్లు వచ్చాక అమ్మాయి ఎక్కడో చదివి వచ్చింది. ఆ కథ వాషింగ్టన్ బతికి ఉండగా ఎవరికీ తెలియదు. ఆయన 1799లో చనిపోయాడు. మేసన్ వీమ్స్ అనే రచయిత తాను రాసిన జీవితచరిత్రలో 1806 నాటి ముద్రణలో ఈ కథను చేర్చాడు. నిజమే చెప్పాలని నేర్పే కథ స్వయంగా కల్పితమని తెలిసి నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. “మరి నువ్వు చెప్పిన మిగతావి?” అని అడిగింది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. పిల్లలను మంచివాళ్లను చేయడానికి చరిత్రను వాడుకోవడంలో ఉన్న ప్రమాదం ఇదే: నీతి కోసం తెచ్చిన మనిషి కల్పితమని తేలిన రోజు, నీతీ పోతుంది, చెప్పినవారి మీద నమ్మకమూ పోతుంది. అదే కథను “ఆయన చనిపోయిన ఏడేళ్లకు ఒక రచయిత ఇలా రాశాడట, అంతకుముందు ఎవరూ రాయలేదట” అని చెప్పి ఉంటే, కథా మిగిలేది, ఆ రచయిత ఎందుకలా రాసి ఉంటాడన్న రెండో కథా దొరికేది. ‘అట’ అన్నప్పుడల్లా అబద్ధమనే అర్థం రానక్కరలేదు. న్యూటన్ తల మీద ఆపిల్ పడిందనడానికి ఆధారమేమీ లేదు. చెట్టు నుంచి రాలిన ఆపిల్‌ను చూసి ఆలోచనలో పడ్డానని మాత్రం ఆయనే వృద్ధాప్యంలో, 1726లో, విలియం స్టూక్లీ అనే మిత్రుడితో చెప్పాడు. స్టూక్లీ దాన్ని రాసిపెట్టాడు. ఒక ‘అట’ వెనక ఎవరూ లేరు. ఇంకొక ‘అట’ వెనక పేరున్న మనిషి, ఆయనతో కూర్చుని మాట్లాడిన మనిషి ఉన్నాడు. అయినా అది ఎన్నో ఏళ్ల తర్వాత ఒక ముసలాయన గుర్తు చేసుకున్న మాటే సుమా అని కూడా చెప్పవచ్చు. ఈ మెట్లన్నీ పిల్లలకు అర్థమవుతాయి, ఎందుకంటే తగాదా తీర్చమని మన దగ్గరికి వచ్చినప్పుడు వాళ్లు వాడే మెట్లు ఇవే: నేను చూశాను, వాడు చెప్పాడు, ఎవరో అన్నారు.

పాఠ్యపుస్తకంలో ఒకే వాక్యంగా ఉండిపోయే సంగతులు ఈ పద్ధతిలో ఎంత లోతుకు వెళ్లగలవో చూడడానికి అశోకుడి కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ‘కళింగ యుద్ధంలో జరిగిన ప్రాణనష్టం చూసి అశోకుడు పశ్చాత్తాపపడి అహింసా మార్గం పట్టాడు’ అన్న వాక్యాన్ని నేను చిన్నప్పుడు కంఠస్థం చేసి రెండు మార్కులు తెచ్చుకున్నాను. అది మనకెలా తెలుసని మా తరగతిలో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. తెలిసింది ఆయన చెప్పుకుంటేనే. పదమూడవ శిలాశాసనంలో, రాజ్యాభిషేకమైన ఎనిమిదేళ్లకు కళింగను జయించానని, లక్షన్నర మందిని అక్కడి నుంచి తరలించారని, లక్షమంది హతులయ్యారని, అంతకు ఎన్నో రెట్ల మంది ఇతరత్రా మరణించారని, దానికి తాను దుఃఖిస్తున్నానని ఆయన చెక్కించాడు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఆంగ్లేయ పండితుడు ఆ శాసనాల బ్రాహ్మీ లిపి గుట్టు విప్పేదాకా ఆ రాళ్లు వందల ఏళ్లపాటు మాట్లాడకుండా నిలబడి ఉన్నాయి. ఒక్క లిపి చదవడం రావడంతో రెండు వేల ఏళ్ల కిందటి మనిషి తన సొంత మాటల్లో మాట్లాడడం మొదలుపెట్టాడని చెబితే, ఎనిమిదేళ్ల పిల్లల కళ్లు ఎంత పెద్దవవుతాయో ఒకసారి చూడండి.

ఇంకొంచెం పెద్ద పిల్లలకు, తొమ్మిది పదేళ్ల వారికి, దీని తర్వాతి మెట్టు చూపించవచ్చు. ఆ శాసనం అనేకచోట్ల ఉంది. కళింగలోనే, అంటే దెబ్బతిన్న వాళ్ల మధ్యనే, ధౌళిలోనూ జౌగడలోనూ అశోకుడి శిలాశాసనాలున్నాయి. కానీ అక్కడ ఈ పదమూడవ శాసనం లేదు. పదకొండు నుంచి పదమూడు దాకా తీసివేసి, వాటి స్థానంలో వేరే రెండు శాసనాలు పెట్టించాడు. మనుషులందరూ నా బిడ్డలే అని, వారిని న్యాయంగా చూడమని అక్కడి అధికారులకు చెప్పే శాసనాలవి. పశ్చాత్తాపాన్ని దూరాన ఉన్నవారికి చెప్పి, ఎవరికి గాయమైందో వారికి మాత్రం ఎందుకు చెప్పలేదు? సిగ్గా, భయమా, తెలివా, నిజమైన జాలా? ఇది పిల్లలను అడగవలసిన ప్రశ్న, ఎందుకంటే తప్పు చేసి, ఎవరికి క్షమాపణ చెప్పాలో వారికి తప్ప అందరికీ చెప్పిన అనుభవం వాళ్లకు నిండుగా ఉంటుంది. ఒక తరగతిలో ఇరవై జవాబులు వస్తాయి. ఏదీ పరీక్షలో రాయడానికి పనికిరాదు. అయినా ఆ పిల్లలు అశోకుణ్ణి మరిచిపోరు, సంవత్సరం కూడా మరిచిపోరని నా అనుభవం.

తరగతిలో వచ్చే ఇరవై జవాబులు బడి మాత్రమే ఇవ్వగలిగినవి. ఇంట్లో ఒక పిల్ల, ఒక తల్లి, అందులో తల్లి మాట నెగ్గడం సహజం. బడిలో తన ఈడు వాడే ఎదురు కారణం చెప్పినప్పుడు దాన్ని తూచక తప్పదు. అలాగే, తమది కాని గతాన్ని పరిచయం చేయడం, సంఘటనలను ఒక వరుసలో నిలపడం బడి చేయవలసిన పనులు. ఇంట్లో గతం ఎప్పుడూ మనదే అయి ఉంటుంది. సంవత్సరాలు బట్టీ పట్టించడాన్ని నేను ఎంత తిట్టినా, వరుస తెలియకపోతే కారణం తెలియదన్న ఉపాధ్యాయుల వాదన సరైనదే. గోడ మీద పది మేకులు గట్టిగా ఉండాలి, మిగతావి వాటికి వేలాడతాయి. నా అభ్యంతరం మేకుల మీద కాదు, గోడంతా మేకులు కొట్టి, వేలాడదీయడానికి ఏమీ ఇవ్వకపోవడం మీద.

ఉపాధ్యాయులు చెప్పే ఇంకొక మాట మరింత బరువైనది. చిన్నప్పుడే అన్నిటినీ సందేహించడం నేర్పితే, ఏదీ నిజం కాదనే మనస్తత్వం రాదా? వస్తుంది, సందేహించడం దగ్గరే ఆపేస్తే. 1990ల్లో ఇంగ్లండులో పీటర్ లీ, రోసలిన్ ఆష్‌బీ తదితర పరిశోధకులు ఏడు నుంచి పద్నాలుగేళ్ల దాకా పిల్లలను దీని మీదే పరీక్షించారు. ఒకే సంగతిని గురించి పొసగని రెండు కథనాలిచ్చి, ఎందుకిలా ఉన్నాయని అడిగారు. చాలామంది పిల్లలు, ఎవరో ఒకరు తప్పు చెప్పి ఉంటారనో, అప్పుడు మనం లేము కాబట్టి ఎవరికీ తెలియదనో అన్నారు. రచయితలు వేర్వేరు ప్రశ్నలకు జవాబు వెతుకుతున్నారని చెప్పగలిగినవారు తక్కువ. అయితే ఏడెనిమిదేళ్ల వారిలో కొందరి ఆలోచన, పద్నాలుగేళ్ల వారిలో కొందరి కంటే ముందుంది. అంటే వయసు ఒక్కటే తీర్పు చెప్పడం లేదు. ఎవరు ఏం నేర్పారన్నది కూడా పని చేస్తోంది. ‘ఎవరికీ తెలియదు’ అన్న చోట పిల్లవాడిని వదిలేయడమే నిజమైన తప్పు. రెండు ‘అట’లలో ఏది బరువైనదో తూచడం నేర్పకుండా, తూకపు రాళ్లు దాచేసి, పిల్లలకు బరువు తెలియదని అనకూడదు.

మారిన తీర్పులంటే పిల్లలకు భయం లేదు, మహా సరదా. 1991 సెప్టెంబరులో ఆల్ప్స్ పర్వతాల్లో నడుస్తున్న ఒక జంటకు మంచులో శవం కనిపించింది. ఈమధ్యే చనిపోయిన పర్వతారోహకుడనుకున్నారు. తీరా చూస్తే ఐదు వేల మూడు వందల ఏళ్ల కిందటి మనిషి, పక్కన రాగి గొడ్డలి. మంచులో గడ్డకట్టి చనిపోయాడనుకున్నారు. పదేళ్లకు, 2001లో, ఎక్స్‌రేలో భుజంలో దిగిన బాణపు మొన బయటపడింది. ఈ కథలో పెద్దవాళ్లు రెండుసార్లు పొరబడ్డారు, ఆ పొరపాటును ప్రతిసారీ సాక్ష్యమే సరిదిద్దింది. ఇది విన్న పిల్ల ‘ఏదీ నిజం కాదు’ అనదు, “ఇంకా ఏమైనా దొరికిందా?” అని అడుగుతుంది.

ఇంటి వంతు గురించి రెండు మాటలు చాలు. ప్రతి ఇంట్లోనూ తేదీ లేని పాత ఫొటో ఒకటి ఉంటుంది. అది ఎప్పటిదో కనిపెట్టమని పిల్లలకు ఇవ్వండి. బట్టల తీరు, ఒళ్లో ఉన్నది ఎవరు, ఇంకా పుట్టనిది ఎవరు, ఇలా వాళ్లే లెక్క కడతారు. మా ఇంటి ఫొటోలో అందరూ ఉండి తాతయ్య లేకపోవడం చూసి, ఆయన ఆ రోజు ఇంట్లో లేడేమోనని అమ్మాయి మొదట రాసుకుంది. మరునాడు వచ్చి, “తాతయ్య ఉన్నాడు, ఫొటో తీసింది ఆయనే” అంది. సాక్ష్యాన్ని తయారుచేసినవాడు సాక్ష్యంలో కనిపించడన్న సంగతి ఎనిమిదేళ్లకే పట్టుబడితే, రేపు ఏ రాజు వేయించిన శాసనం చదివినా, ఏ విజేత రాసిన చరిత్ర చదివినా పనికొస్తుంది. అలాగే ఒకే సంగతిని ఇద్దరు పెద్దవాళ్లు రెండు రకాలుగా చెప్పినప్పుడు పిల్లల ముందు సర్దిచెప్పి ఒకటి చేయకండి. ఆ తేడా వాళ్లకు దొరికిన నిధి.

ఇక అందరూ జంకే చోటుకు రావాలి: గతంలోని క్రూరత్వాన్ని చిన్నపిల్లలకు ఎంతవరకు చెప్పాలి? నేను పెట్టుకున్న నియమం ఒకటే. తర్వాత వెనక్కి తీసుకోవలసి వచ్చే మాట ఇప్పుడు చెప్పకూడదు. చెప్పకుండా ఉంచడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. ఇంగ్లండు బడుల్లో ఐదారేళ్ల పిల్లలకు 1666 నాటి లండన్ అగ్నిప్రమాదాన్ని తరచుగా బోధిస్తారు. రొట్టెలు కాల్చేవాడి ఇంట్లో మొదలైన మంట, గాలి, ఒకదానికొకటి ఆనుకున్న కర్ర ఇళ్లు, పదమూడు వేలకు పైగా కాలిపోయిన ఇళ్లు, తోటలో గొయ్యి తవ్వి తన ద్రాక్షసారాయితో పాటు పర్మేజాన్ జున్నును పాతిపెట్టిన శామ్యూల్ పీప్స్ అనే లండన్ వాసి, ఇవన్నీ ఆ వయసుకు చక్కగా సరిపోతాయి. జున్ను గురించి మనకు తెలిసింది పీప్స్ దినచర్య రాసుకున్నందుకే అని చెబితే ‘ఎలా తెలుసు’ కూడా తీరుతుంది.

ఆ కథలో ఇంకొక మనిషి ఉన్నాడు. రాబర్ట్ హ్యూబర్ట్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు తానే నిప్పు పెట్టానని ఒప్పుకున్నాడు. అదే ఏడాది అక్టోబరులో అతణ్ణి ఉరితీశారు. మంట మొదలైన రెండు రోజులకు గానీ అతడు లండన్ చేరనే లేదని తర్వాత తేలింది. ఆ ప్రమాదానికి గుర్తుగా కట్టిన స్తంభం మీద, ఇది కాథలిక్కుల పనేనని నింద మోపే మాటలను 1681లో చెక్కారు. చివరకు 1830లో తొలగించారు. ఆరేళ్ల పిల్లకు నేను హ్యూబర్ట్ కథ చెప్పలేదు. కానీ “అది ఎవరూ కావాలని చేసింది కాదు, అందరూ ఒప్పుకున్నారు” అని కూడా చెప్పలేదు. “ఎవరు చేశారోనని జనం చాలా కోపంగా వెతికారు” అన్నాను, అక్కడితో ఆపాను. తొమ్మిదేళ్లకు మిగతాది చెప్పినప్పుడు, ముందు చెప్పినదాన్ని ఎక్కడా చెరపవలసిన అవసరం రాలేదు. రాయి మీద చెక్కిన మాట కూడా ‘అట’యేనని, నూట యాభై ఏళ్లు అందరూ చదివినా అది నిజమైపోదని ఆమె తనంతట తానే అంది. ఉరి సంగతి విని ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. ఆ వయసుకు నేను తొందరపడ్డానేమో అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది.

మొన్న ఒకరోజు వంటింట్లో ఉండగా పక్కగదిలోంచి మాటలు వినిపించాయి. ఇప్పుడు పదేళ్లొచ్చిన అక్క, ఐదేళ్ల తమ్ముడికి పాత దారం చూపిస్తూ, ఏడో మీటరు దాటాక వేలాడుతున్న గుర్రం బొమ్మ గురించి చెబుతోంది. “ఓన్ఫిమ్ అని ఒక పిల్లాడు ఉండేవాడట, కదక్కా?” అన్నాడు వాడు, కథ వినే అలవాటు కొద్దీ. “ఉండేవాడట కాదురా, ఉండేవాడు. బొమ్మ గీశాడు, పేరు రాశాడు, ఆ బెరడు ఇప్పటికీ ఉంది” అంది. ఒక్క క్షణం ఆగి, “ఆరేళ్లు మాత్రం అట” అంది.